చిన్న పడవలలో బ్యాటరీ స్విచ్

బ్యాటరీ స్విచ్ అనగా పడవలోని బ్యాటరీని మిగిలిన విద్యుత్ వలయాల నుండి వేరు చేసే ప్రధాన స్విచ్. ఇంటిలో మెయిన్ స్విచ్ చేసే పనిని పడవలో ఇది చేస్తుంది. ఇంజను గల చిన్న పడవలలో ఎక్కువగా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును వాడుతారు. నీటి మధ్యలో మంట పుడితే పారిపోవడానికి చోటు ఉండదు. కనుక ఈ స్విచ్‌ను ఎక్కడ అమర్చాలి, ఏ తీగను దీని గుండా పంపాలి అనే విషయాలను తీగలు వేయడానికి ముందే నిర్ణయించుకోవాలి.

ఆవశ్యకత

12 వోల్టుల వలన మనిషికి విద్యుదాఘాతం కలిగే ప్రమాదం తక్కువ. అయితే సీసపు బ్యాటరీ అంతర్నిరోధం చాలా స్వల్పం. షార్టు సర్క్యూటు అయినపుడు 1000 ఆంపియర్లకు మించిన ప్రవాహం రావచ్చును. అప్పుడు తీగ ఎర్రగా కాలి, దానిపై తొడుగు అంటుకుంటుంది. స్విచ్‌ను ఆపివేస్తే ఈ ప్రవాహం ఆగుతుంది. పడవను వాడని రోజులలో బ్యాటరీ ఖాళీ కాకుండా కూడా ఇది కాపాడుతుంది.

అమర్చే స్థానం

స్విచ్‌ను బ్యాటరీ ధన ధ్రువం నుండి వచ్చే తీగలో అమర్చుతారు. దీని స్థానం విషయంలో రెండు అవసరాలు ఉన్నాయి.

* స్విచ్ బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. బ్యాటరీకి, స్విచ్‌కు మధ్య ఉన్న తీగను స్విచ్ కాపాడలేదు.
* పనిముట్లు లేకుండా, సామాను తొలగించకుండా చేతికి వెంటనే అందాలి. ఇంజను గదిలో మంట ఉన్నపుడు ఆ గదిలోనికి చేయి పెట్టవలసిన అవసరం రాకూడదు.

అందువలన స్విచ్‌ను ఇంజను గది గోడకు బయటి వైపున అమర్చడం మంచి పద్ధతి. ఛార్జింగు సమయంలో సీసపు బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడి పైకి చేరుతుంది. కనుక స్విచ్‌ను బ్యాటరీకి సరిగ్గా పైన ఉంచరాదు. పెట్రోలు ఆవిరి చేరే చోట నిప్పురవ్వ బయటకు రాని రకం స్విచ్‌నే వాడాలి.

ఫ్యూజు

స్విచ్ తనంతట తాను ఆగదు, మనిషి ఆపాలి. అందుచేత ఫ్యూజు కూడా అవసరం. అమెరికా పడవల తయారీ ప్రమాణమైన ఏ.బి.వై.సి. ఇ-11 ప్రకారం సాధారణంగా ఫ్యూజు విద్యుత్ మూలానికి 7 అంగుళాల (సుమారు 18 సెం.మీ.) లోపు ఉండాలి. తీగకు తొడుగు ఉన్న సందర్భాలలో ఈ దూరానికి సడలింపులు ఉన్నాయి. ఇంజనును తిప్పే స్టార్టరు తీగకు ఈ నియమం నుండి మినహాయింపు ఉంది.

స్విచ్‌తో సంబంధం లేని తీగలు

అన్ని తీగలూ స్విచ్ గుండా పోనవసరం లేదు. పడవ అడుగున చేరే నీటిని తోడివేసే స్వయంచాలక పంపును నేరుగా బ్యాటరీకి, తన సొంత ఫ్యూజు ద్వారా కలుపుతారు. లేనిచో యజమాని స్విచ్ ఆపి ఇంటికి వెళ్ళిన తరువాత వాన నీరు లేదా ఊట నీరు నిండి, కట్టివేసిన చోటనే పడవ మునిగిపోవచ్చును.

రెండు బ్యాటరీల స్విచ్

ఇంజనుకు ఒకటి, దీపాలు మొదలైన వాటికి ఒకటి చొప్పున రెండు బ్యాటరీలు ఉన్న పడవలలో నాలుగు స్థానాల స్విచ్‌ను వాడుతారు. అవి: ఒకటి, రెండు, రెండూ కలిపి, ఆఫ్. దీనిని "రెండూ కలిపి" స్థానంలో మరచిపోతే రాత్రంతా వెలిగిన దీపాల వలన రెండు బ్యాటరీలూ ఖాళీ అవుతాయి. ఉదయం ఇంజను తిరగదు. అలాగే ఇంజను నడుస్తుండగా ఆఫ్ చేస్తే ఒక్కసారిగా వోల్టేజి పెరిగి ఆల్టర్నేటరులోని డయోడ్లు పాడవవచ్చును. కనుక ముందుగా ఇంజనును ఆపాలి.

తీగ మందం

స్విచ్‌ను దూరంగా పెడితే తీగ పొడవు, దానితో వోల్టేజి నష్టం పెరుగుతాయి. దారి చూపే దీపాల వంటి ముఖ్య వలయాలలో నష్టం 3 శాతం, అనగా 12 వోల్టులకు 0.36 వోల్టు, మించరాదు. ఉదాహరణకు 5 మీటర్ల దూరంలో ఉన్న పరికరం 10 ఆంపియర్లు తీసుకుంటే రానుపోను తీగ 10 మీటర్లు అవుతుంది. దీనికి సుమారు 4.9 చదరపు మిల్లీమీటర్ల రాగి అవసరం. కనుక 6 చదరపు మిల్లీమీటర్ల తీగను ఎంచుకోవాలి. ఉప్పునీటిలో తిరిగే పడవలకు తగరపు పూత ఉన్న సన్నని పోగుల రాగి తీగ మేలు.

ఇవి కూడా చూడండి

* బ్యాటరీ
* ఫ్యూజు
* ఓమ్ నియమము