బండి కింద జాగా

బొబ్బిలి నుంచి రామభద్రపురం పోయే రోడ్డు మీద, ఊరు పలచబడే చోట ఒక రేకుల షెడ్డు. తెల్లారి ఎంతోసేపు కాలేదు. లోపల సిమెంటు నేల మీద తెల్ల బొలేరో నిలబడి ఉంది. ఇంకాసేపట్లో అది సాలూరు మీదుగా కొండెక్కాలి. అక్కడి మట్టిదారిలో వానలు కోసిన గాళ్లు ఇంకా పూడలేదు. "కింద ఎంత జాగా ఉంది మేస్త్రీ?" అని అడిగితే ఆయన అంకె చెప్పడు. రసమట్టం తెచ్చి నేల మీద పెడతాడు.

"ముందు నేల సంగతి తేలాల బావు. నేలే వాలుగుంటే బండిని కొలిసి ఏటి సేస్తాం?"

బుడగ నడిమికొచ్చి ఆగింది. తర్వాత నాలుగు టైర్లలో గాలి చూశాడు. గాలి తగ్గితే టైరు అణుగుతుంది, టైరు అణిగినంతా బండి కిందికి దిగుతుంది. అదీ సరిచేశాకే టేపు బయటికొచ్చింది.

గోనెపట్టా పరిచి వెల్లకిలా పడుకుని లోపలికి జరగండి. ఎండిన బురద, డీజిలు కలిసిన వాసన. ముక్కుకి కాస్త పైన ఇంజను ఆయిల్ చాంబర్. దాని వెనక గేర్‌బాక్సు, అక్కణ్నుంచి వెనక్కి సాగిన షాఫ్టు, పక్కనే సైలెన్సర్ గొట్టం. వెనక చక్రాల నడుమ గుండ్రంగా ఉబ్బిన ఇనుప హౌసింగ్. లోపల క్రౌన్, పినియన్ తిరిగేది అందులోనే. టార్చి వెలుగులో చూస్తే హౌసింగే అన్నిటికన్నా కిందికి ఉన్నట్టుంది. కానీ చక్రాల దగ్గర మడ్‌ఫ్లాప్ రబ్బరు దానికన్నా కిందికి వేలాడుతోంది, షాకబ్జార్బర్ బిగించిన కొక్కెం కూడా కిందికే ఉంది. వాటిని లెక్కలోకి తీసుకోవాలా, వద్దా?

దీనికి ఒక నియమం ఉంది. వాహనాల కొలతలకు 1978లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 612 బండి మధ్యభాగాన్నే చూడమంటుంది. ఒక ఇరుసుకున్న రెండు చక్రాల లోపలి అంచుల మధ్య దూరం తీసుకుని, నట్టనడుమ నుంచి అటూ ఇటూ సమానంగా అందులో 80 శాతం మేర హద్దు గీయాలి. ఆ దూరం 1,200 మిల్లీమీటర్లు అయితే మధ్యలోని 960 మాత్రమే లెక్క. ఆ హద్దులో నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఏది ఉందో దాని ఎత్తే గ్రౌండ్ క్లియరెన్స్. చక్రాల పక్కనున్నవి లెక్కలోకి రావు. కారణం సులువే. రాయి మీదికి చక్రం ఎక్కితే, చక్రం పక్కనున్న భాగాలూ దాంతోపాటే పైకి లేస్తాయి. నడిమి భాగానికే ఆ ఆసరా తక్కువ.

మేస్త్రి సుద్దతో నేల మీద రెండు గీతలు గీసి, వాటి నడుమ టేపు నిలబెట్టాడు. హౌసింగ్ అడుగు దగ్గర టేపు చూపిందీ, కంపెనీ చెప్పే 180 మిల్లీమీటర్లూ దాదాపు ఒక్కటే.

అయితే ఇది ఖాళీ బండి ఎత్తు. ఖాళీగానా నిండుగానా అన్న పేచీ పన్నుల దాకా వెళ్లింది. పెద్ద యుటిలిటీ వాహనాల మీద అప్పట్లో ఉన్న 22 శాతం సెస్సుకు ఇంజను 1,500 సీసీ, పొడవు నాలుగు మీటర్లు దాటాలి, కింది జాగా 170 మిల్లీమీటర్లో ఆపైనో ఉండాలి అని నిబంధన పెట్టారు. 2023 జూలై 11న జరిగిన 50వ జీఎస్టీ మండలి సమావేశం ఆ 170ని ఖాళీ బండికే కొలవాలని తేల్చింది. పన్నుకు అది చాలు. కొండకి మాత్రం ఎవరూ ఖాళీ బండితో వెళ్లరు.

బస్తాలు వస్తున్నాయి. బియ్యం, ఉప్పు, ఉల్లిపాయలు. మనుషులూ ఎక్కారు. బండి మూలుగుతూ కుంగింది. మళ్లీ కిందికి దూరి టేపు పెడితే హౌసింగ్ ఎత్తు దాదాపు మారలేదు! "ఎందుకు మారుద్ది?" అంటాడు మేస్త్రి. "బరువు కమాను కట్టల మీద పడింది. కట్టల కిందున్న ఇరుసు టైర్ల మీదే నిల్సుంది కదేటి." టైరు కాస్త అణిగినంతే అది దిగింది. అసలు దిగింది ఛాసిస్, సైలెన్సర్, ఇంజను కింది అడ్డబద్దీ. కట్టలు, స్ప్రింగులు వంగిన మేరకు అవి నేలకు దగ్గరయ్యాయి. నా మటుకు కంపెనీలు నిండు బండి ఎత్తు కూడా అచ్చువేయాలి, అది ఏ భాగం ఎత్తో కూడా చెప్పాలి. అది లేని అంకె కొండదారికి సగమే పనికొస్తుంది.

కమాను కట్టలు ఎత్తిస్తే సరిపోదా అని డ్రైవరు కుర్రాడు అడుగుతాడు. బాడీ లేస్తుంది, హౌసింగ్ లేవదు. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ సగం లాభానికే. 215/75 ఆర్15 టైరు వ్యాసం 703 మిల్లీమీటర్లు, 235/75 ఆర్15ది 733. ముప్పై పెరిగితే ఇరుసుకు దక్కేది పదిహేను.

ఇక బయల్దేరే ముందు చివరి కొలత. మేస్త్రి పురికొస తీసుకుని ఒక కొస ముందు టైరు వెనకవైపు అడుగున ఆనించి, రెండో కొసని బండి నడిమిలో కిందికున్న చోటికి బిగించి లాగుతాడు. వెనక టైరు నుంచీ అలాగే. బండి ఎంత నిటారు మెరక దాటగలదో చెప్పేవి ఆ రెండు వాలులే. చక్రాల మధ్య దూరం పెరిగినకొద్దీ ఆ వాలు తగ్గిపోతుంది. సుజుకీ జిమ్నీనే చూడండి. మూడు తలుపుల బండికీ ఐదు తలుపుల బండికీ కింది జాగా ఒకటే, 210 మిల్లీమీటర్లు. చక్రాల మధ్య దూరం 2,250 నుంచి 2,590కి పెరిగేసరికి దాటగల మెరక కోణం 28 డిగ్రీల నుంచి 24కి పడిపోయింది. మన బొలేరోకి ఆ దూరం 2,680.

సాలూరు వచ్చింది. లారీల ఊరు. రోడ్డు పక్కన వరసగా లారీలు, సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు. కాసేపటికి హైవే వదిలి మట్టిదారి పట్టాం. జీడిమామిడి తోటలు వెనక్కి పోతున్నాయి. దారి నడుమ పొట్టేలు తలంత రాయి. అలవాటు లేనివాళ్లు దాన్ని రెండు చక్రాల నడుమకి వదులుతారు. డ్రైవరు స్టీరింగు తిప్పి ఎడమ చక్రాన్ని నేరుగా రాయి మీదికి ఎక్కించాడు. వెనక చక్రం పది సెంటీమీటర్ల రాయి ఎక్కితే నడుమనున్న హౌసింగ్ ఐదు సెంటీమీటర్లు లేస్తుంది. రాయిని నడుమకి వదిలితే ఒక్క మిల్లీమీటరూ లేవదు.

గెడ్డ దాటాక మెరక. ముందు చక్రాలు ఎక్కి అవతలికి దిగాయి. అంతలో కాళ్ల కింద గర్‌ర్ర్‌మని రాపిడి. పళ్లు జివ్వుమన్నాయి. బండి ఆగింది.

"దిగండి, అందరూ దిగండి. అక్కా, నువ్వు పిల్లణ్నెత్తుకుని నెమ్మదిగా."

మనుషులు దిగుతుంటే స్ప్రింగులు కిర్రుమంటూ బాడీ లేచింది. అంతే, బండి మెరక దాటేసింది. ఇలాంటి దారి పూర్తికాని ఊళ్ల నుంచి రోగుల్ని ఇప్పటికీ డోలీ మీదే దించుతున్నారు. కొంత దూరమైనా వచ్చి ఎదురుచూసే బండికి ఈ నాలుగు వేళ్ల జాగా ఎంత ముఖ్యమో దిగి నడుస్తున్న వాళ్లందరికీ తెలుసు.

వంగి చూశాం. హౌసింగ్ మీద గీత లేదు. సైలెన్సర్ గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు మీద ఇనుము కొత్తగా మెరుస్తోంది. షెడ్డులో టేపు పెట్టినప్పుడు అది హౌసింగ్ కన్నా ఎత్తునే ఉంది, 180 అన్న అంకెతో దానికి సంబంధమే లేదు. లోడు పడి, మెరక సరిగ్గా రెండు ఇరుసుల నడుమకి వచ్చేసరికి నేలకి మొదట అందింది అదే.

డ్రైవరు ఫోన్‌లో ఫొటో తీసి మేస్త్రికి పంపాడు. సిగ్నల్ ఉన్న చోటికి చేరాక జవాబొచ్చింది. క్లాంపును ఛాసిస్ పక్కకి ఎత్తి బిగిద్దాం, అందాకా లోడంతా ముందుకి జరుపు, మెరక కనపడితే జనాన్ని ముందే దింపు.