చదువును చేతిపనియు

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ బోధనామాధ్యమముగా స్థాపితమైన తరువాత చాలకాలము వఱకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పిల్లవానికి ఉన్నతవిద్య యనగా ఊరు విడుచుటయే. 1931లో హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు సిరిసిల్లకును, అటనుండి కరీంనగరమునకును, పిదప హైదరాబాదునకును చదువు వెంట నడచిరి. ఊరు విడిచినవానికి ఇంటి వృత్తియు దూరమగును. కావున విద్యార్థి యనగా వేఱొక పని లేనివాడని నిబంధనకర్తలు తలచుటకు ఆ దినములలో కొంత ఆధార ముండెను.

ఊరు విడువలేనివారి చదువు మాత్రము పనితోనే పెనవేసికొన్నది. కోరుట్ల, జగిత్యాల వాడలలో చేటను ఒడిలో నుంచుకొని, నానవేసిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పఱచి, చుట్టి, దారము కట్టి, కొన మడుచు తల్లి ప్రక్కనే, పుస్తకమును గోడ కానించి, కూతురును అదే పనిలో నిమగ్నయై యుండును; కార్ఖానాకు అప్పగించు కట్టలలో లెక్క తగ్గిన కూలి తగ్గును గనుక పరీక్ష ముందటి రాత్రియు ఆ వ్రేళ్ళకు విరామము లేదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టము ఇంటివద్ద చుట్టువారిని సైతము కార్మికులుగా గుర్తించినది. 1976లో ఏర్పడిన సంక్షేమనిధి వారి బిడ్డలకు ఉపకారవేతనముల నొసగినది. ఇవి మేలైన పనులే. అయినను తల్లి కార్మికురాలు, బిడ్డ విద్యార్థిని యని విడివిడిగ చూచిన ఆ దృష్టికి, ఒకే యువతి ఉభయమును కావచ్చునన్న సంగతి కానరాలేదు.

సిరిసిల్లలో సాంచెలది, అనగా మరమగ్గములది, పండ్రెండు గంటల పాళీ. రాత్రిపాళీ ముగించి కళాశాలకు వచ్చినవాడు మొదటి తరగతిలో కునుకుతీసిన అది సోమరితనము కాదు.

ఇట్టివారికి విశ్వవిద్యాలయము తలుపు తెఱచిన ఘట్టము ఒకటి కలదు: 1982లో హైదరాబాదున, దేశమున మొదటిదిగా, సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. తరువాత జగిత్యాల చెంత నాచుపల్లిలో 2007లోను, సిరిసిల్లలో 2021లోను జె.ఎన్.టి.యు. కళాశాలలు ఏర్పడినవి, కోరుట్లకు పశువైద్య కళాశాల వచ్చినది. చదువు గడపలోనికి వచ్చెను గాని నిబంధన మాత్రము ఊరు విడిచి వెళ్ళిన నాటి విద్యార్థినే ఎదుట నుంచుకొన్నది. నూటికి 75 వంతుల హాజరు లేనివాడు పరీక్ష కనర్హుడు. తగిన ఆధారములు చూపినచో 65 వఱకు కళాశాల మన్నింపవచ్చును. రాత్రి సాంచె నడపినవాడు ఆధారపత్రమును ఎవరినుండి తేగలడు?

ఈ ఊళ్ళ పిల్లలే అమెరికా వెళ్ళినచో, చదువు సాగుచుండగా వారమునకు 20 గంటలు ప్రాంగణమున పనిచేయుటకు అచటి నియమము అనుమతించుచున్నది. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుండి పక్షమునకు 48 గంటలు. అంత దూర మేల? జగిత్యాల ప్రక్కన పొలాసలోని వ్యవసాయ కళాశాల విద్యార్థి చివరి సంవత్సరమున పల్లెలలో రైతుల నడుమ గడపు కాలము చదువుగానే లెక్కకు వచ్చును. చేనిలో పని చదువైనపుడు సాంచె చెంత పని గైరుహాజరు కానేల?

తరగతులు ఎగవేయువానిని దండించుటకు నాకు అభ్యంతరము లేదు. పనిచేసి చదువుకొనువారి పట్టికను ప్రతి కళాశాలయు తయారుచేసి, వారికి సాయంకాల తరగతుల నేర్పఱచి, వారి పనిగంటలను హాజరు మన్నింపునకు సమ్మతమైన కారణముగ స్వీకరింపవలసినదిగా ఆయా విశ్వవిద్యాలయముల పాలకులను ప్రార్థించుచున్నాను.