విజయనగర రాజుల గుఱ్ఱములు: కొనుగోలు, పెంపకము

అంత గొప్ప గుఱ్ఱపుదండు గల విజయనగర రాజ్యము తనకు వలయు గుఱ్ఱములను తానేల పెంచుకొనజాలకపోయెను? ఇచటి శీతోష్ణస్థితి వానికి సరిపడదని చెప్పి ఈ ప్రశ్నను దాటవేయుట పరిపాటియైనది. ఆ సమాధానము చాలదని మా అభిప్రాయము.

1535 ప్రాంతమున విజయనగరమున నుండిన పోర్చుగీసు గుఱ్ఱాల వర్తకుడు నూనిజ్ ఒక వింత విషయము వ్రాసెను. సాళువ నరసింహుడు (1485-1491) ఓర్మజు, ఏడెను రేవుల గుఱ్ఱములను, బ్రదికినవైనను చచ్చినవైనను, మూడింటికి వేయి పర్దావుల చొప్పున కొనెనట. సముద్రముమీద చచ్చినదాని తోకను తెచ్చి చూపినను వెల ముట్టెడిది! దూరద్వీపముల నుండి ఏనుగులను, మేలి గుఱ్ఱములను తెచ్చు వర్తకులను ఆదరింపవలెననియు, అవి శత్రువుల పాలు గాకుండ చూడవలెననియు ఆముక్తమాల్యదలోని రాజనీతి. గుఱ్ఱమనగా కొనదగిన వస్తువేగాని పెంచదగిన ప్రాణి యను తలపు ఈ రెండింటను కానరాదు. అయితే రాజు ఏటేట కొను 13,000 గుఱ్ఱములను పేర్కొనుచు నూనిజ్ ఓర్మజు గుఱ్ఱములతోపాటు దేశవాళి గుఱ్ఱములను గూడ చెప్పెను. ఈ రెండవ మాటను మనవారు తఱచు విస్మరింతురు.

శీతోష్ణస్థితివాదమునకు మూలము మార్కోపోలో. 13వ శతాబ్ది చివర పాండ్యదేశమును గూర్చి చెప్పుచు, మేలుజాతి గోడిగను మేలుజాతి మగగుఱ్ఱముతో దాటించినను అచట వంకరకాళ్ల గిడసపిల్లయే పుట్టుననెను. కాని గుఱ్ఱములకు వండిన అన్నము, మాంసము పెట్టుదురనియు, అశ్వవైద్యులు లేరనియు, విదేశవర్తకులు వారిని రానీయరనియు చెప్పినవాడును అతడే. అట్టి మేతతో పెరిగిన గోడిగకు వంకరకాళ్ల పిల్ల పుట్టిన, తప్పు గాలిదా, మేతదా? తరువాతి కాలమున మహారాష్ట్రుల దండునకు వాసికెక్కిన భీమథడి గుఱ్ఱములు దక్కనులోని భీమానదీ లోయలోనే పెరిగినవి గదా.

మా దృష్టిలో అసలు కారణము కాడి. ఉత్తర ఐరోపాలో, మెడచుట్టు దిండువంటి పట్టెడ వాడుకలోనికి వచ్చిన పిమ్మట, 12వ శతాబ్ది నాటికి గుఱ్ఱములు నాగలి దున్నజొచ్చెను. గోడిగ రైతు దొడ్డిలో నిలిచినది. జోడుకట్టి నడుపువానికి దాని కాళ్ల బలము, ఊపిరి, ఓర్పు, కొంటెతనము దినదినము తెలియును. దేనికి పిల్లనీయవలెనో, దేనికీయరాదో నిర్ణయించుటకు ఇంతకంటె నమ్మదగిన పరీక్ష లేదు. మన రైతు దొడ్డిలో గోడిగ లేదు. గుఱ్ఱము రాజుగారి లాయములోనిది. సుళ్లను, వర్ణములను విస్తరించి చెప్పు హయలక్షణ గ్రంథముల విద్య మిక్కిలిగా కొనువానికి పనికివచ్చునది.

తెలుగు రైతునకు జాతిని పోషించు నేర్పు లేదనుట మాత్రము పొరపాటు. గుండ్లకమ్మ ప్రాంత గ్రామములలో, చనిపోయిన పెద్దల పేర అచ్చుబోసి విడుచుటకు మేలైన కోడెదూడను ఏరెడివారు. ఊరి చేలలో అడ్డులేక తిరిగిన ఆ ఆంబోతే ఊరి ఆవుల మందకు బీజము. ఒంగోలు జాతి నిలిచినది దానివలననే. 19వ శతాబ్దిలో ఆ పశువులు ఓడలపై బ్రెజిలు చేరెను. అచట నేటికిని వాని పేరు నెలోరె, అనగా మన నెల్లూరే.