క్లార్నెట్ మెడలో పీపా

మే నెలలో హనుమకొండలో బరాత్ కదిలే ముందు బ్యాండులో క్లార్నెట్ వాయించే మనిషిని గమనించండి. ఒక స్వరం ఊది చూస్తాడు. మొహం చిట్లిస్తాడు. నోట్లో పెట్టుకునే ముక్కకు కిందున్న పొట్టి ముక్కను మెలితిప్పి, వెంట్రుకవాసి పైకి లాగుతాడు. మళ్లీ ఊదుతాడు. కీబోర్డు సా తో కలిసిందంటే డప్పులు మొదలు.

ఆ పొట్టి ముక్కే బ్యారెల్, అంటే పీపా. నడుము కాస్త ఉబ్బి నిజంగానే పీపాలా ఉంటుంది. పొడవు సుమారు 66 మిల్లీమీటర్లు, అగ్గిపెట్టె కన్నా కాస్త ఎక్కువ.

1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో వాయిద్యాలు చేసే డెన్నర్ చేతుల్లో క్లార్నెట్ రూపుదిద్దుకున్నప్పుడు పీపా విడిగా లేదు, మౌత్‌పీసుతో కలిసి ఒకే చెక్క. ఆ శతాబ్దం రెండో సగంలో రెండూ వేరుపడ్డాయి. అప్పట్లో యూరప్‌లో ఊరికో శ్రుతి. పొడుగుదీ పొట్టిదీ రెండు పీపాలుంటే కొత్త వాయిద్యం కొనక్కర్లేదు.

మన వేసవికీ పీపాకూ సంబంధముంది. గొట్టంలో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు. కీబోర్డుకు ఎండ పట్టదు, అది ఉన్నచోటే ఉంటుంది. దిగి రావాల్సింది క్లార్నెట్టే, అందుకే పీపా లాగి గొట్టం పొడుగు చేయడం.

చిక్కెక్కడంటే, పీపా లాగితే అన్ని స్వరాలూ సమంగా దిగవు. గొట్టమంతా మోగే అడుగు స్వరానికి 59 సెంటీమీటర్ల దాకా గాలి స్తంభం కావాలి, ఒక మిల్లీమీటరు లాగితే 3 సెంట్లు దిగుతుంది. 20 సెంటీమీటర్లతో పలికే, ‘గొంతు స్వరాలు’ అనే పొట్టి గొట్టపు స్వరాలు మాత్రం 8 సెంట్లకు పైనే జారతాయి. పైగా లాగినచోట లోపల చిన్న గుంట పడి స్వరం తడబడుతుంది. అందుకే ఎక్కువ లాగడం కన్నా పొడుగు పీపా మార్చడం మేలు.

లోపలి రంధ్రానిది మరో కథ. క్లార్నెట్‌లో సా ఊది వెనక మీట నొక్కితే పై సా రాదు, పై పంచమం వస్తుంది. ఆ పంచమం సరిగ్గా కూర్చోవడానికే ఫిలడెల్ఫియాలో వాయిద్యాల పనివాడు హాన్స్ మోనిగ్ పైన వెడల్పుగా, కిందికి సన్నగా పీపా తొలిచాడు. తెలియనివాళ్లు ఆకురాయి పెట్టకపోవడమే మంచిది. తీసిన చెక్క తిరిగి రాదు.

పీపాలో దూరే కొనకు చుట్టిన బెండు అరిగితే మనవాళ్లు దారం చుడతారు. చూసి నవ్వకండి. డెన్నర్ కాలంలో బెండు లేదు, అప్పుడు చుట్టిందీ దారమే.