పిరమిడెన్: ధ్రువపు మంచులో సోవియట్ బొగ్గుపట్నం

పిరమిడెన్ ఉత్తర ధ్రువానికి దగ్గరగా, స్వాల్‌బార్డ్ దీవుల్లోని స్పిట్స్‌బెర్గెన్ మీద ఉన్న పాడుబడ్డ గనుల ఊరు. నేల నార్వేది, ఊరు కట్టింది సోవియట్ యూనియన్. 78 డిగ్రీల 39 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర, బిల్లెఫ్యోర్డెన్ అనే సముద్రపు పాయ కొసన, 937 మీటర్ల ఎత్తున్న కొండ అడుగున ఉంటుంది. కొండ కొమ్ము మెట్లు మెట్లుగా పిరమిడ్‌లా లేచి కనిపిస్తుంది కనుక కొండకూ, దాని కింది ఊరికీ ఆ పేరే వచ్చింది. 1980లలో ఇక్కడ వెయ్యిమందికి పైగా ఉండేవారు. ఇక్కడే కాపురం ఉంటున్నవారిలో ఆఖరి మనిషి 1998 అక్టోబరు 10న వెళ్లిపోయారు.

చంద్రుడి మీదా గ్రహశకలాల మీదా గనులు తవ్వి ఊళ్లు కడతామని ఇప్పుడు చాలామంది లెక్కలు వేస్తున్నారు. వాళ్లు ఊహించుకునే ఇబ్బందుల్లో చాలావాటిని పిరమిడెన్ వాసులు నిజంగానే అనుభవించారు. నాలుగు నెలల చీకటి, పండని నేల, నెలల తరబడి ఓడ రాని రేవు, మనుషుల్ని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు. గాలి ఒక్కటే ఉచితం. ఈ ఊరి చరిత్రను గనుల చరిత్రగా మాత్రమే చదివితే అసలు సంగతి అందదు. అది బొగ్గు కోసం పుట్టిన మాట నిజమే. కానీ అన్నేళ్లు నిలబడింది బొగ్గు వల్ల కాదు.

ఎవరిదీ కాని నేల

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి స్వాల్‌బార్డ్ ఏ దేశానికీ చెందేది కాదు. తిమింగలాల వేటగాళ్లు, ఉచ్చులు పన్నేవాళ్లు వచ్చిపోయేవారు. బొగ్గు బయటపడ్డాక అమెరికా, బ్రిటన్, నార్వే, స్వీడన్, రష్యాల వాళ్లు ఎవరికి వారు హద్దురాళ్లు పాతుకున్నారు. పిరమిడెన్ దగ్గర 1910లో స్వీడన్ వాళ్లు హక్కు చెప్పుకున్నారు.

ఈ గందరగోళాన్ని 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో కుదిరిన స్వాల్‌బార్డ్ ఒప్పందం తేల్చింది. దీవులు నార్వేకి దక్కాయి. అయితే సంతకం చేసిన దేశాలన్నిటి పౌరులకూ అక్కడ వేటాడటానికి, గనులు తవ్వటానికి, వ్యాపారం చేయటానికి సమాన హక్కు ఉంటుంది. నౌకాస్థావరాలు, కోటలు కట్టకూడదు. బ్రిటిష్ ఏలుబడిలోని భారతదేశం కూడా తొలి సంతకాల జాబితాలో ఉంది. ఒప్పందం 1925లో అమల్లోకి వచ్చింది. పారిస్ చర్చలకు పిలుపు అందని సోవియట్ యూనియన్ 1935లో వచ్చి చేరింది.

అప్పటికే సోవియట్లు అక్కడ కాలు మోపారు. 1927లో స్వీడన్ వాళ్ల నుంచి పిరమిడెన్‌ను కొనేశారు. 1931లో ఏర్పడిన ఆర్క్‌తిక్‌ఉగోల్ అనే ప్రభుత్వ సంస్థ స్వాల్‌బార్డ్‌లోని సోవియట్ గనులన్నిటినీ చేతిలోకి తీసుకుంది. బారెంట్స్‌బర్గ్, గ్రుమాంట్, పిరమిడెన్ దాని మూడు ఊళ్లు. వీటిలో పిరమిడెన్ పని చాలాకాలం సాగీసాగక నడిచింది.

ఇంతలో యుద్ధం వచ్చింది. దీవులు జర్మన్ల చేతికి పోకుండా 1941 ఆగస్టు చివర బ్రిటిష్, కెనడా, నార్వే బలగాలు దిగి, దాదాపు రెండువేల మంది సోవియట్ గని మనుషుల్ని ఓడెక్కించి అర్ఖాంగెల్స్క్‌కు చేర్చాయి. ఒడ్డున పోగేసిన బొగ్గు గుట్టలకు నిప్పు పెట్టాయి. 1943లో జర్మన్ యుద్ధనౌకలు బారెంట్స్‌బర్గ్‌నూ, నార్వే వాళ్ల లాంగ్‌ఇయర్‌బ్యెన్‌నూ పేల్చి బూడిద చేశాయి. మరుసటి ఏడాది నవంబరులో సోవియట్ విదేశాంగ మంత్రి మోలొతోవ్, నార్వే మంత్రి త్రుగ్వె లీని కూర్చోబెట్టుకుని పారిస్ ఒప్పందాన్ని తిరగరాద్దామన్నాడు. స్వాల్‌బార్డ్‌ను ఇద్దరం కలిసి ఏలుదామని ప్రతిపాదన. అది నెగ్గలేదు. నెగ్గకపోయినా, ఆ దీవుల మీద మాస్కోకు ఎంత ఆసక్తి ఉందో దానితో బయటపడింది. యుద్ధం ముగియగానే సోవియట్లు తిరిగివచ్చి పిరమిడెన్‌ను కొత్తగా కట్టడం మొదలుపెట్టారు.

కొండలో బొగ్గు

స్వాల్‌బార్డ్‌లో మిగతా గనుల బొగ్గు చాలామటుకు సుమారు ఆరుకోట్ల ఏళ్ల నాటిది. పిరమిడెన్ బొగ్గు వయసు ముప్ఫై కోట్ల ఏళ్లు దాటుతుంది. దీవులు భూమధ్యరేఖకు ఎంతో దగ్గరగా ఉన్న కాలపు అడవులవి. పెద్ద పగులు ఒకటి ఈ కొండల గుండా పోతుంది. దాని మూలంగా బొగ్గుపొర తిన్నగా సాగదు, విరిగి, ఒరిగి, మధ్యలో తెగిపోతుంది. తెగిన పొర మళ్లీ ఎక్కడ తగులుతుందో వెతుక్కుంటూ రాయిని తవ్వాలి. బొగ్గుబావి తెలిసిన ఎవరికైనా ఇది ఎంత ఖరీదైన పనో వేరే చెప్పక్కర్లేదు.

గని నోరు కొండ వాలు మీద బాగా ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఊరిదాకా, మంచు పేరుకోకుండా చెక్కతో కప్పిన పొడవాటి సొరంగదారి ఇప్పటికీ కనిపిస్తుంది. మనుషులు ఎక్కటానికీ బొగ్గు దిగటానికీ అదే దారి. దిగిన బొగ్గులో కొంత ఊరి విద్యుత్ కేంద్రానికి పోయేది, మిగతాది రేవులో ఆగేది. చలికాలమంతా సముద్రపు పాయ గడ్డకట్టి ఉంటుంది, మంచు కరిగాకే ఓడ. 1950ల నడుమ నుంచి మూతపడేదాకా తవ్విన బొగ్గు 90 లక్షల టన్నుల వరకూ ఉంటుందని అంచనా. నలభై ఏళ్ల పైబడిన కాలానికి, వెయ్యిమంది ఊరికి ఇది పెద్ద అంకె కాదు.

వెయ్యిమంది బతుకు

ఎక్కువమంది ఉక్రెయిన్‌లోని దోన్‌బాస్ బొగ్గు ప్రాంతం నుంచి, రష్యా గనుల నుంచి రెండేళ్ల ఒప్పందం మీద వచ్చేవారు. జీతం స్వదేశంలో కంటే బాగా ఎక్కువ. భోజనశాలలో తిండి ఉచితం, డబ్బు పెట్టి కొనేది కొద్ది. ఊళ్లో చలామణీకి ఆర్క్‌తిక్‌ఉగోల్ సొంత నాణేలూ కాగితాలూ ముద్రించింది. రెండేళ్లలో కూడబెట్టింది పట్టుకెళితే ఇంటిదగ్గర ఒక ఆసరా ఏర్పడేది. అందుకే ఇక్కడి పోస్టింగుకు పోటీ ఉండేది.

ఊరు కట్టిన తీరు చూస్తే కార్మికుల వసతికి మాత్రమే ఇంత అక్కర్లేదని తెలిసిపోతుంది. నడి వీధికి రెండు పక్కలా నాలుగంతస్తుల ఇటుక భవనాలు. వీధి తలన సాంస్కృతిక భవనం, దాని ముందు లెనిన్ తల విగ్రహం. ఆ విగ్రహం సముద్రపు పాయ దాటి ఆవలి ఒడ్డున దిగుతున్న నోర్డెన్‌షెల్డ్ హిమనదం వైపు చూస్తుంటుంది. లోకంలో ఇంతకంటే ఉత్తరాన లెనిన్ విగ్రహం లేదు. భవనంలో సినిమాహాలు, గ్రంథాలయం, సంగీతం గది, ఆటల హాలు ఉన్నాయి. అక్కడి గ్రాండ్ పియానో ‘ఎర్ర అక్టోబరు’ కంపెనీది. ఇంకో భవనంలో వేడినీటి ఈతకొలను. బయట సున్నాకు ముప్ఫై డిగ్రీలు తక్కువ ఉన్న రోజున కూడా పిల్లలు అందులో ఈదేవారు.

బ్రహ్మచారులు ఉండే భవనాన్ని ‘లండన్’ అనీ, ఆడవాళ్లు ఉండేదాన్ని ‘పారిస్’ అనీ పిలుచుకున్నారు. కుటుంబాల భవనానికి ‘పిచ్చిల్లు’ అని పేరు. చలికి బయట ఆడుకోవటానికి వీల్లేక పిల్లలు నడవల్లోనే పరుగులు తీస్తూ గోల చేసేవారట.

పైపొర కింద నేల ఎన్నడూ కరగదు కాబట్టి పైపులు పాతే వీలు లేదు. వేడినీటి గొట్టాలను చెక్కపెట్టెల్లో మూసి నేలమీదనే నడిపించారు. మనుషులు నడిచే దారులూ చాలాచోట్ల ఆ పెట్టెల మీదనే. గాజు ఇళ్లలో కూరగాయలు పండించారు, ఆవులు, పందులు, కోళ్లు పెంచారు. గడ్డి మొలవని ఆ నేలమీద సోవియట్ దేశపు దక్షిణాది నుంచి ఓడల్లో మట్టి తెప్పించి పరిచారని చెబుతారు. నడివీధి పొడవునా ఆ పచ్చిక ఇంకా బతికే ఉంది.

ఇదంతా చూపటానికి ఆతిథ్యం కూడా ఉండేది. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న రోజుల్లో నాటో దేశమైన నార్వే నేల మీద, వీసా అడగకుండానే, లాంగ్‌ఇయర్‌బ్యెన్ వాసులు ఆటల పోటీలకూ పాటకచేరీలకూ ఇటు వచ్చేవారు, ఇటువాళ్లు అటు వెళ్లేవారు. నార్వే వాళ్ల ఊరి కంటే సోవియట్ ఊళ్లోనే వసతులు మెరుగ్గా ఉన్నాయని వచ్చినవాళ్లు చూసి వెళ్లాలి. పిరమిడెన్ ఉత్పత్తి చేసిన వాటిలో మాస్కోకు అన్నిటికంటే విలువైనది ఆ ముద్రే. ఒప్పందం ప్రకారం సైన్యాన్ని పెట్టటానికి లేదు. గని ఉంటే మనుషులుంటారు, మనుషులుంటే హక్కు ఉంటుంది. అందుకోసం నష్టాన్ని ఏటా ఖజానా భరించింది. నార్వే కూడా తన గనులను దశాబ్దాలపాటు సబ్సిడీలతోనే నడిపింది.

పతనం

1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. ఊరిని పోషించిన ఖజానా కూడా దానితోపాటే పోయింది. కొత్త రష్యా ప్రభుత్వం సబ్సిడీలు కోసింది, ఓడల రాకపోకలు తగ్గాయి, జీతాల మీద ఆకర్షణ పోయింది. కొండలో తేలిగ్గా దొరికే బొగ్గు కూడా తరిగిపోతూ వచ్చింది. ఏదో ఒక రాజకీయ అవసరం ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోని లెక్కల పుస్తకం ఇప్పుడు బల్లమీదికి వచ్చింది.

ఆపైన 1996 ఆగస్టు 29 వచ్చింది. గని మనుషులనూ వారి కుటుంబాలనూ మాస్కో నుంచి తెస్తున్న టూపోలెవ్-154 విమానం లాంగ్‌ఇయర్‌బ్యెన్‌లో దిగబోతూ ఓపెరాఫ్యెల్లెట్ కొండను గుద్దుకుంది. అందులో ఉన్న 141 మందీ చనిపోయారు. నార్వే గడ్డ మీద అంతటి విమాన ప్రమాదం మరొకటి జరగలేదు. బారెంట్స్‌బర్గ్, పిరమిడెన్ అనే రెండు చిన్న ఊళ్లలో అంతమంది పోతే దుఃఖం తాకని ఇల్లు ఉండదు. ఏడాది తిరిగేసరికి 1997 సెప్టెంబరు 18న బారెంట్స్‌బర్గ్ గనిలో పేలుడు జరిగి 23 మంది బలయ్యారు. రెండు గనులను నడపగల స్తోమతు ఆర్క్‌తిక్‌ఉగోల్‌కు లేదు. బారెంట్స్‌బర్గ్‌ను ఉంచుకుని పిరమిడెన్‌ను వదులుకుంది.

1998 మార్చి 31న చివరి బొగ్గు పైకి వచ్చింది. ఆ తేదీ రాసిన బొగ్గుబండిని ఊరి మొదట్లో స్మారకంగా నిలిపారు. ఆ తర్వాత ఆరు నెలలకు పైగా ఊరు కొద్దికొద్దిగా ఖాళీ అయింది. ప్రయాణ రచనల్లోనూ వీడియోల్లోనూ రాత్రికి రాత్రి ఉన్నపళంగా జనం పారిపోయారనే కథ ఒకటి తిరుగుతోంది. అది నిజం కాదు. గది కిటికీల్లో ఎండిన పూలకుండీలు, గ్రంథాలయంలో పుస్తకాలు, ప్రొజెక్టర్ గదిలో ఫిల్ము చుట్టలు మిగిలిపోవటానికి కారణం భయం కాదు. అంత దూరం నుంచి వాటిని మోసుకుపోయే ఖర్చుకు అవి తగవు.

ఆ తర్వాత

పొడి చలిలో వస్తువు త్వరగా పాడవదు. ఊరిని మొదటి పదేళ్లలో పాడుచేసింది వాతావరణం కంటే మనుషులే. జ్ఞాపికల కోసం తలుపులు పగలగొట్టి దొరికింది ఎత్తుకుపోయారు. ఖాళీ భవనాల కిటికీ గట్ల మీద సముద్రపక్షులు గూళ్లు కట్టుకున్నాయి, వేసవిలో వీధంతా వాటి అరుపులే. 2011లో డెన్మార్క్ సంగీత బృందం ఎఫ్తెర్‌క్లాంగ్ ఇక్కడి ఖాళీ గదుల్లో, ఇనుప ట్యాంకుల్లో ధ్వనులు రికార్డు చేసుకుని మరుసటి ఏడాది ‘పిరమిడా’ ఆల్బమ్ విడుదల చేసింది. 2013లో ‘టులిప్’ హోటలు తిరిగి తెరిచారు. కాపలాకూ గైడ్లుగానూ కొద్దిమంది ఉంటున్నారు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి తర్వాత నార్వే పర్యాటక సంస్థలు రష్యా ఊళ్లతో వ్యాపారం మానుకున్నాయి. గనుల్లో పనిచేసినవారిలో చాలామంది ఉక్రెయిన్ వాళ్లే అన్నది గుర్తున్నవారికి ఇది మరింత బాధ కలిగిస్తుంది.

స్వాల్‌బార్డ్‌లో బొగ్గు రోజులే ముగింపుకొచ్చాయి. నార్వే చివరి గని, లాంగ్‌ఇయర్‌బ్యెన్‌లోని ఏడో నంబరు గని, 2025లో మూతపడింది. అదే దీవి మీద నీ-ఓలెసున్ గనిలో 1962 నవంబరులో 21 మంది చనిపోతే, ఆ వివాదంలో మరుసటి ఏడాది నార్వే ప్రభుత్వమే పడిపోయింది. గని మూసి ఆ ఊరిని పరిశోధన కేంద్రంగా మార్చారు. భారతదేశపు ధ్రువ పరిశోధన కేంద్రం ‘హిమాద్రి’ 2008 నుంచి నడుస్తున్నది ఆ పాత బొగ్గు ఊళ్లోనే.

పిరమిడెన్‌కు అలాంటి రెండో జీవితం దొరకలేదు, చట్టపు రక్షణ కూడా అరకొరే. స్వాల్‌బార్డ్ పర్యావరణ చట్టం 1946కు ముందు నాటి మానవ ఆనవాళ్లన్నిటికీ తనంతట తానుగా రక్షణ ఇస్తుంది. పిరమిడెన్‌లో ఇప్పుడు నిలిచి ఉన్నది దాదాపు అంతా ఆ తర్వాతిది. ఒక ప్రయోగంగా కాక ఒక ఊరిగా, పిల్లాపాపలతో అంత ఉత్తరాన మనుషులు ఎలా బతికారో చెప్పే సాక్ష్యం ఇంత నిండుగా ఇంకెక్కడా లేదు. ఆ 1946 గీతను నార్వే, ఆ భవనాల మీద తన బాధ్యతను రష్యా మళ్లీ ఆలోచించాలి.