పన్ను చూసి చెప్పిన్రు

మంటల ఇంకో రెండు పత్తికట్టెలు ఎయ్యి బిడ్డా, చలి బాగున్నది.

అంగడిల కోడెను కొనాల్నంటే మా బాపు ముందుగాల దాని కింది పెదివి పట్టి గుంజేటోడు. రెండు పండ్లా, నాలుగు పండ్లా, నోరు కూడిందా. కొమ్ములకు నూనె రాసి మురిపియ్యొచ్చు గని పండ్ల కాడ మోసం నడవది.

నువ్వు సెల్లుల చూపిచ్చిన బాతుమూతి రాకాసిబల్లి పన్ను గూడ గంతే. దాని దవుడల్ల పండ్లు వందలకొద్ది, వరుస కింద వరుస. మీదిది అరిగితే కిందిది ఎక్కొస్తది. ఆ అరుగుడు చూసే అది ఆకును ఉత్తగ మింగలే, నూరి తిన్నదని తెలుసుకున్నరు. 1856ల అమెరికాల జోసెఫ్ లీడీ ఉత్త పండ్లు చూసే ట్రాకొడాన్ అని పేరు పెట్టిండు. రెండేండ్లకు న్యూజెర్సీల హాడన్‌ఫీల్డ్ కాడ గా జాతి జంతువు బొక్కలు దొరికినయ్.

మన బాయిల ఎందుకు దొరకదంటవా? భైంసల ఏడ తవ్వినా రేగడి, మొరం, అటెన్క నల్లబండ. 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద భూమి పలిగి పారిన లావ గడ్డకట్టిన రాయి అది. మన పత్తి పండే రేగడి గా రాయి అరిగి అయిందే. బొక్కలు నిలవాల్నంటే ఏరు తెచ్చి పేర్చిన మట్టి గావాలె. అది మనకు తూర్పున, ప్రాణహిత దిక్కున్నది.

గా దిక్కు యామన్‌పల్లి కాడ జియలాజికల్ సర్వే వాళ్లు 840 బొక్కలు తీసిన్రు. తక్కువల తక్కువ 12 జంతువులయి. 1988ల పి. యాదగిరి సారు దానికి కోటసారస్ అని పేరు పెట్టిండు. 9 మీటర్ల పొడుగు, నాలుగు కాళ్ల మీద నడిచే పొడుగుమెడ జంతువు. బాతుమూతి దానికంటే కోట్ల ఏండ్ల తర్వాతది.

ఇగ నాకు ఒడువని ముచ్చట గిది. అన్ని బొక్కలల్ల ఒక్క పుర్రె లేదు, రెండు పండ్లే! పుర్రె పల్చటిది, పలిగి ఏట్ల కొట్టుకపోతది. పంటి మీది ఎనామిల్ ఒంట్లె అన్నిటికంటే గట్టిది. ఆ పండ్లు చెంచా తీరున్నయ్. అంటే అది కొమ్మ పట్టి ఆకు దూసి మింగేది, బాతుమూతి లెక్క నూరుడు లేదు. రెండు పండ్లతోని గింత తెలిసింది.

గా బొక్కలు హైదరాబాద్‌ల బిర్లా సైన్స్ మ్యూజియంల నిలవెట్టిన్రు. సెలవులల్ల తీస్కపోతా. తలకాయను మంచిగ చూడుర్రి, అదొక్కటి దొరికింది కాదు, చేసి పెట్టింది.