రంగూను ఛాయాచిత్రములందలి కొరంగీలు

బర్మాదేశపు నిత్యజీవనమును తొలుత పటములుగా తీసినవారిలో ప్రసిద్ధులు పరదేశీయులే. 1855లో బ్రిటిషు రాయబారముతో అమరపురమునకు పోయిన లినీయస్ ట్రైప్ మద్రాసు పటాలపు అధికారి. మైనము పట్టించిన కాగితముపై అతడు తీసిన చిత్రములలో 120 ఎంచి 1857లో సంపుటములుగా కూర్చిరి. వానిలో విహారములును, పగోడాలును, కొయ్యచెక్కడములును కలవు. జనులు మాత్రము మిక్కిలి అరుదు. కారణము కాగితమే. వెలుగు దానికంటుటకు చాల సేపు పట్టెడిది; అంతసేపు కదలక నిలుచువాడెవడు? నడచిపోవు మనుష్యుడు పటమునుండి మాయమయ్యెను. ఊరు నిండియున్నను వీధి శూన్యముగ కనబడును.

1880 ప్రాంతమున జెలటిను పూసిన పొడి గాజుపలకలు వ్యాపించుటతో ఈ చిక్కు చాలవరకు తీరెను. జర్మనుడైన ఫిలిప్ క్లియర్ (1845–1911) రంగూనులో దుకాణము నడపుచు శ్వేడగోన్ పగోడాను, టేకు దుంగలెత్తు ఏనుగులను, బర్మా స్త్రీలను పటములు తీసి, వచ్చిపోవు దొరలకు అమ్మెను. ఇటలీవాడగు ఫెలీచే బియాటో 1885 యుద్ధము తరువాత వచ్చి, మాండలేలో స్టూడియోతోపాటు కళావస్తువుల వ్యాపారమును సాగించెను. ఇరువురును వర్తకులని మరువరాదు. కొనువాని కంటికి వింతయైనదే పలకకెక్కెను.

అట్టి వింతలలో చేరనివారు రంగూను తెలుగువారు. యానామునకు పొరుగుననున్న కోరంగి రేవు పేర వారిని అక్కడ "కొరంగీ"లనెడివారు. 1839 తుఫానుతో రేవు చితికినను పేరు పోలేదు. విశాఖపట్టణమున ఓడనెక్కినవాడును కొరంగీయే. ఓడల సరకు దింపుట, బియ్యపుమిల్లులలో మోత, రిక్షా లాగుట వారి పనులు. 1931 లెక్కలలో రంగూను జనసంఖ్య 4,00,415. అందు సగమునకు పైగా భారతీయులు. ఇంతటి జనము చిత్రములలో తరచు అంచుకు చేరిన బరువుమోతగాండ్రే. క్రింద వ్రాత "కూలీ" అని. అమ్మువానికి వారి పేరుతో పనిలేదు గదా!

ఈ కొరత చిన్నది కాదు. 1930 మే నెలలో రేవుకూలీలగు తెలుగువారికిని, వారి సమ్మెకాలమున పనిలో పెట్టబడిన బర్మీయులకును కలిగిన ఘర్షణ నగరమంతట ప్రాకి పెక్కుర ప్రాణములు తీసెను. 1942లో జపాను సేన రాగా లక్షలకొలది భారతీయులు దేశము విడిచిరి. అనేకులు అరకాను, మణిపురము త్రోవల నడచియే వచ్చిరి. ఆ నడకలో ఇంటి పటములు మోసుకొనివచ్చుట ఎందరికి సాధ్యము? క్లియర్ పటములు నేడు బ్రిటిషు జాతీయ దస్తావేజుల భాండారమున భద్రముగా కలవు. తాతల జాడ వెదకువారు క్రింది వ్రాతను నమ్మక, పటముల అంచులను చూడవలసియున్నది.